రానిచ్చువాడే మోయవలెను



1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో ‘సఫర్’ అను క్రియ మూడు విధములుగా వాడబడియున్నది. మార్కు 10:14లో చిన్నబిడ్డల విషయమై అది రానిచ్చుట. మత్తయి 17:17లో సహించుట. మత్తయి 16:21లో ప్రభువు యెరూషలేములో పొందబోవు శ్రమ. మన తెలుగు బైబిలులో ఈ మూడింటికి మూడు వేరు మాటలున్నవి. నేటి ఇంగ్లీషులో మొదటి అర్థము దాదాపు మరుగునపడినది.

ఆ క్రియ, క్రిందనుండి మోయుట అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. అట్లయిన రానిచ్చుటకును మోయుటకును సంబంధమేమి? ఒకరిని లోనికి రానిచ్చినప్పుడు కలుగు బరువు ఎవరు మోయవలెను?

బిడ్డలను తెచ్చినవారిని శిష్యులు గద్దించిరి. ప్రభువైతే వారిని రానిచ్చి ఊరకుండలేదు. ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించెను. బరువు ఆయన చేతులమీద పడెను గాని బిడ్డలమీద పడలేదు.

మనమైతే తరచుగా దీనిని తలక్రిందులు చేయుదుము. ఏడ్చు బిడ్డతో తల్లి గుడికి వచ్చిన రానిత్తుము గాని, మన చూపుల బరువు ఆమెమీదనే వేయుదుము. బీదవానిని, క్రొత్తగా నమ్మినవానిని సంఘములో చేర్చుకొందుము గాని, వెనుక కూర్చుండి ఓర్చుకొమ్మని వానికే బోధింతుము. రానిచ్చినవాడు సుఖముగా నుండి, వచ్చినవాడే ఓర్చుకొనవలసివచ్చిన అది చేర్చుకొనుట కానేకాదు.

వచ్చు ఆదివారము గుడిలో బిడ్డ యేడ్చినయెడల తల్లివైపు తిరిగి చూడకుడి. చేతులు చాపి ఆ బిడ్డను కొంతసేపు మీరెత్తుకొనుడి.