సంతకాలు సరే, మాట ఎవరిది?

వనపర్తిలో ఒక చాయ్ హోటల్. నాగర్‌కర్నూల్ వకీలు బల్ల మీద కాగితం పరిచాడు. భావప్రకటనా స్వేచ్ఛ కోసం సంయుక్త ప్రకటన. గద్వాల నుంచి వచ్చిన రిటైర్డ్ తెలుగు సారు కళ్లద్దాలు సవరించుకుని చివరి పేరు దాకా చదివారు.

“అందరూ ఉన్నరు సారూ. ఎర్రజెండోళ్లు, కాంగ్రెసోళ్లు, కాషాయం దిక్కు ఇద్దరు. మీరూ ఒక సంతకం పెట్టుండ్రి.”

“మనుషులు ఉన్నరు. మాట ఎవరిది? ఈ నాలుగు పేరాలు ఎవరు రాసిండ్రు?”

“ఒకరు రాస్తరు, మిగిలినోళ్లు ఒప్పుకుంటరు. ప్రకటనంటే గంతే గద.”

“అంటే ఒప్పుకున్న కాడికే కాగితం మీదికొచ్చింది, తేడా అంతా బయటనే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారు మా గద్వాల దిక్కు మనిషి. 1952ల ఈ వనపర్తే ఆయన్ని ఎమ్మెల్యేను చేసింది. తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే, ఖండన రాసి సంతకాలు పెట్టించలే. పద్యాలు పంపుండ్రని అడిగిండు. 1934ల 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. ఎవరి పద్యం వాళ్లదే.”

“అది సాహిత్యం సారూ. పోలీసు ఆర్డరొస్తే తెల్లారేసరికి జవాబియ్యాలె. అందరి అభిప్రాయాలు అచ్చేసేలోపు మనిషిని ఊరు దాటిస్తరు.”

వకీలు మాట కొట్టిపారేసేది కాదు. సారు కాసేపు చాయ్ తాగుతూ ఉండిపోయారు.

“ఊరు దాటించుడంటే యాదికొచ్చింది. 2018 జూలైల రాముడి మీద మాటలకు సినిమా విమర్శకుడు కత్తి మహేశ్‌ను హైదరాబాద్ నుంచి ఆర్నెల్లు బహిష్కరించిండ్రు. రెండు రోజులకు, ఆ మాటలను వ్యతిరేకించిన పరిపూర్ణానంద స్వామిని గూడ. వీళ్లల్ల అప్పుడు ఇద్దరి కోసం మాట్లాడినోళ్లెందరు?”

వకీలు వేలు పేర్ల మీదుగా కిందికి జరిగింది. “కొందరు ఆయన కోసం, కొందరు ఈయన కోసం.”

“ఇద్దరి కోసం?”

వేలు ఎక్కడా ఆగలేదు. “అయినా సారూ, రెండు గుంపులు ఒక్క కాగితం మీదికి వచ్చుడు చిన్న సంగతా?”

“కాదు. అందుకే ఒక్క వాక్యం కలపమంటున్న. ‘ఆ రెండు ఉత్తర్వులూ తప్పే’ అని, ఇద్దరి పేర్లతో. అది చదివినంక ఎవరుంటరో వాళ్ల కింద నా సంతకం.”

“సగం మంది పోతరు సారూ.”

పోనీ. నన్నడిగితే, మిగిలిన ఆ సగమే ఈ ప్రకటనకు అసలు సంతకందారులు.