సున్నిపిండి ఏ మాలిన్యాన్ని కడుగుతుంది?

పెసలు, పచ్చి శనగపప్పు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండిన గులాబీ రేకులు కలిపి ఇంట్లోనే సున్నిపిండి చేసుకునే అలవాటు మళ్లీ మన ఇళ్లకు వస్తోంది. సబ్బు పక్కన సున్నిపిండి డబ్బా, షాంపూ పక్కన కుంకుడుకాయలు, శీకాయ పొడి చేరుతున్నాయి. సంతోషించవలసిన మార్పే. కానీ దీని వెనక ఒక నమ్మకం బలపడుతోంది: చెట్టు నుంచి వచ్చింది స్వచ్ఛం, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది మలినం. వినడానికి ఆరోగ్యం మాటలా ఉన్నా, నిజానికి ఇది శుద్ధి గురించిన మతవిశ్వాసం. కాబట్టి దీన్ని ధర్మం వైపు నుంచే పరీక్షించాలి. శుద్ధి వస్తువులో ఉంటుందా, దాన్ని వాడే మనిషి నడతలో ఉంటుందా? వస్తువులో లేదనే నా వాదన. ఇంట్లో చేసిన సున్నిపిండి విలువైనదే. ఆ విలువంతా దాన్ని ఎవరికోసం, ఎంత శ్రద్ధగా చేశామన్న దానిలోనే ఉంది.

ముందు వస్తువుల సంగతి చూద్దాం. సున్నిపిండిలో కొందరు కలిపే బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. ఆ గుణం వల్లే దాన్ని బొల్లి చికిత్సలో వాడతారు. ఆ గుణం వల్లే మోతాదు మించితే ఎండ తగిలినచోట చర్మం బొబ్బలెక్కవచ్చు. కుంకుడుకాయకు నురగనిచ్చే సపోనిన్లే కళ్లను మండిస్తాయి, నీళ్లలో కలిస్తే చేపలకు విషమవుతాయి. మరోవైపు, షాంపూలో నురగకోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్‌ను కొబ్బరినూనె నుంచి కూడా తీస్తారు. చెట్టుకూ ఫ్యాక్టరీకీ మధ్య మనం గీసే గీత అంత తిన్నగా లేదు. ఈ వివేకం ప్రాచీనులకు లేనిది కాదు. రోజూ అభ్యంగనం చేయమన్న ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడే తన అష్టాంగహృదయంలో అజీర్ణంతో ఉన్నవారికి అది వద్దన్నాడు. భోజనం చేయగానే స్నానం కూడదన్నాడు. ఏ ద్రవ్యాన్నీ ఆయన పవిత్రమన్న ఒక్క కారణంతో అందరికీ అంటగట్టలేదు. మనిషిని, కాలాన్ని, స్థితిని చూడమన్నాడు.

శాస్త్రాల్లో శుద్ధికి ఉన్న స్థానం కూడా ఈ వైపే చూపిస్తుంది. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో మొదటిది శౌచం. మట్టితో, నీళ్లతో చేసేది బాహ్యమనీ, చిత్తంలోని మలాలను కడగడం ఆంతరమనీ ఆ సూత్రాల మీది వ్యాసభాష్యం విడదీసింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బాహ్యశౌచానికి పతంజలి చెప్పిన ఫలం అందం కాదు, దేహం మీద మోజు తగ్గడం. ఎంత కడిగినా ఈ శరీరం మళ్లీ మాసిపోతుందని రోజూ కడుక్కునేవాడికే బాగా తెలుస్తుంది. అంగడి మాత్రం సహజమన్న పేరుతో తరగని కాంతిని అమ్ముతుంది. ఇంటి సున్నిపిండిని కూడా ఆ ఆశతోనే పట్టుకుంటే దుకాణం మారిందే గానీ మనసు మారలేదు.

అలాగైతే బయటి స్నానం వ్యర్థమేనా? ఈ ఆక్షేపణ బలమైనది, పాతది. నదీస్నానం పాపకర్మలను కడగలేదని బుద్ధుడు సుందరిక భారద్వాజుడికి చెప్పాడు. బౌద్ధ భిక్షుణుల పద్యాలైన థేరీగాథలో నీళ్లు మోసే దాసి పుణ్ణిక, చలిలో వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి నిలదీసింది. నీళ్లే శుద్ధి చేస్తే కప్పలూ తాబేళ్లూ స్వర్గానికి వెళ్లాలి కదా అన్నది ఆమె తర్కం. మన వేమన కూడా చిత్తశుద్ధి లేని ఆచారాన్ని ఒప్పుకోలేదు. ఈ ముగ్గురి మాటా నిజమే. అయితే వారు ఖండించింది స్నానంతో పాపం పోతుందన్న లెక్కను. ఒక దేహం పట్ల మరొకరు చూపే ఆదరణను కాదు.

మన సంప్రదాయంలో నలుగు ఆ ఆదరణకే రూపం. పెళ్లికూతురికి ముత్తైదువలు పాటలు పాడుతూ నలుగు పెడతారు. దీపావళి తెల్లవారుజామున పెద్దలు పిల్లల తలకు నూనె అంటి, ఒళ్లు రుద్ది నీళ్లు పోస్తారు. తిరుమలలో శుక్రవారం మూలవిరాట్టుకు అభిషేకం జరుగుతుంది. అన్నమయ్య ‘కంటి శుక్రవారము’ కీర్తన ఆ సేవ గురించే. మాలిన్యమే లేని స్వామికి స్నానమెందుకు? ప్రేమ చేతుల్లోంచి బయటపడే మార్గం అది గనుక. వినాయక చవితినాడు ఇంటింటా చదివే కథ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. పార్వతి తన నలుగుపిండితో చేసిన బాలుడే తొలిపూజ అందుకునే దేవుడయ్యాడు. శివపురాణమైతే అమ్మ ఒంటి మలినంతోనే చేసిందంటుంది. ఒంటినుంచి రాలిన మట్టిని కూడా ఈ కథ నీచంగా చూడలేదు.

దేహాన్ని నీచంగా చూడని ఆ దృష్టిని మనం మనుషుల విషయంలో నిలుపుకోలేదు. మడి పేరుతో, శుద్ధి పేరుతో కోట్లమందిని అంటరానివాళ్లను చేశాం. శుద్ధి వస్తువులోనో పుట్టుకలోనో ఉందని నమ్మడమే ఆ పాపానికి వేరు. సహజమైనవి వాడేవాళ్లం కాబట్టి మేమే శుభ్రమైనవాళ్లం అనుకోవడంలోనూ ఆ వేరు చిగురు కనిపిస్తుంది. రెండో మాట: ఏరడం, ఎండబెట్టడం, దంచడం, జల్లించడం అంతా ఇంటి ఆడవాళ్ల మీదే పడితే అది ఆదరణ కాదు, చాకిరీ. తీరిక లేక సబ్బు కొనుక్కున్న తల్లికి ధర్మం ఏమీ తగ్గదు.

అందుకే ఇంట్లో సున్నిపిండి చేసుకోండి, అందరూ కలిసి చేయండి. కొత్త దినుసు ఏదైనా ముందు మోచేతి మీద కాస్త రాసి చూడండి. పసిపిల్లల ఒంటికి గరుకుపిండి రుద్దకండి. వృద్ధాప్యంలో వంగలేని అమ్మానాన్నల వీపు రుద్ది, నీళ్లు పోయండి. శౌచాన్ని మొదటి నియమంగా పెట్టినందుకు మనం ఇవ్వగల గౌరవం అదే.