అనిచ్చ అంటే పారేయమని కాదు



విహారంలో ధమ్మ ప్రసంగం అయ్యాక తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నీ అనిచ్చమే కదా, పుట్టిందల్లా పోయేదే కదా, మరి పాడైపోయిన దాన్ని పట్టుకుని బాగు చేస్తూ కూర్చోవడం తృష్ణ కాదా?" అని. అడిగేవాళ్ళు వస్తువుల గురించే అడుగుతున్నట్టు ఉంటుంది. కాస్త ముందుకు పోతే అదే ప్రశ్న మనుషుల మీదికి, సంఘం మీదికి వస్తుంది. అన్నీ పోయేవే అయితే ఈ సమాజాన్ని బాగు చేయడం మాత్రం ఎందుకు? ఎవరి బతుకు వాళ్ళు చూసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటే సరిపోదా? ధమ్మాన్ని అలా అర్థం చేసుకుంటే అది మనకు పనికిరాకుండా పోతుంది. అందుకని ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. జవాబు కోసం హైదరాబాద్ పాతబస్తీకి పోదాం. పాత రేడియో ముందు కూర్చుని ఆలోచిద్దాం.

గురువారం నాడు పురానాపూల్ వైపు వెళ్ళి జుమేరాత్ బజార్ చూడండి. జుమేరాత్ అంటేనే గురువారం. నేల మీద పట్టాలు పరిచి పాత ఫ్యాన్లు, గడియారాలు, టేపు రికార్డర్లు, ఇనుప సామాన్లు కుప్పలు పోసి అమ్ముతారు. వాటి మధ్య ఎప్పుడైనా ఒక మర్ఫీయో, ఫిలిప్సో, బుష్షో కనిపిస్తుంది. వెనక అట్ట ఊడిపోయి, నాబ్ ఒకటి పోయి, లోపల దుమ్ము పట్టి ఉంటుంది. దాన్ని చూసేవాళ్ళు రకరకాలు. ఒకరు షోకేసులో పెట్టుకోవడానికి చూస్తారు. ఒకరు లోపలి రాగి తీగ తూకానికి ఎంత వస్తుందో లెక్కేస్తారు. ఇంకొకరు విడిభాగాల కోసం తిప్పి తిప్పి చూస్తారు. హామ్‌లు కూడా ఇలాంటి చోట్లకే వస్తారు. సొంతంగా ప్రసార యంత్రం పెట్టుకుని, పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, గాలిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే అభిరుచి గలవాళ్ళను హామ్‌లంటారు. విదేశాల్లో హామ్‌లు పెద్ద మైదానంలో కలిసి పాత సామాన్లు మార్చుకునే మేళాలు చేస్తారు. మన ఊళ్ళో ఆ అవసరం చాలావరకు ఇలాంటి సంతల్లో, కోఠి గుజరాతీ గల్లీలోని విడిభాగాల దుకాణాల్లో తీరుతుంది. ఛత్తా బజార్‌లో వాల్వు రేడియోలు బాగు చేసే మహబూబ్ రేడియో సర్వీస్ గురించి మీలో కొందరు పత్రికల్లో చదివే ఉంటారు.

ఈ నగరానికి రేడియోతో సంబంధం పాతది. నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియోను తన చేతిలోకి తీసుకుంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. 1980ల నడుమ దాకా రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చేది. అంటే రేడియో కలిగిన ఇళ్ళ వస్తువు. మన వాడలకు అది ఆలస్యంగా వచ్చింది. కానీ ఆ గొంతు ఎవరిని తాకాలో ఎవరూ ఆపలేకపోయారు. గాలిలో వచ్చే మాటకు అంటు లేదు, ముట్టు లేదు. 1954 అక్టోబరు 3న ఆలిండియా రేడియోలో బాబాసాహెబ్ తన జీవన తత్వం గురించి మాట్లాడారు. తన తత్వమంతా స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటల్లో ఉందని, వాటిని ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, తన గురువైన బుద్ధుని బోధ నుంచే తీసుకున్నానని ఆయన చెప్పారు. నాగపూర్ దీక్షకు ఇంకా రెండేళ్ళు ఉండగానే ఆ మాట దేశమంతా వినిపించింది. ఈరోజు సంతలో దుమ్ము పట్టి పడి ఉన్న ఏదో ఒక పెట్టె ఆనాడు ఆ మాటను ఎవరికో చేర్చి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ పెట్టె వెనక భాగం తెరిచి చూడండి. గాజు వాల్వులు నాలుగైదు, తీగ చుట్టలు, ట్రాన్స్‌ఫార్మరు, కండెన్సర్లు, కాగితపు కోను ఉన్న స్పీకరు ఉంటాయి. పాట ఎక్కడుంది? వాల్వులో లేదు, స్పీకరులో లేదు, ఏరియల్ తీగలోనూ లేదు. అన్నీ ఒక క్రమంలో కలిసి, కరెంటు వచ్చి, బయటి నుంచి తరంగం అందితేనే పాట. ఇందులో ఏ ఒక్కటి తప్పుకున్నా పాట లేదు. మిళింద రాజుకు నాగసేన భిక్షువు రథం పోలికతో చెప్పింది ఇదే. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, నొగ రథం కాదు. కలయికకే రథమని పేరు. దీన్నే మనం అనత్త అంటాం. ఒకదాన్ని ఆనుకుని ఒకటి పుట్టడాన్ని పటిచ్చ సముప్పాద అంటాం. పాళీ పేర్లు పలకడానికి కష్టంగా ఉన్నా, రేడియో విప్పిన మిస్త్రీకి ఆ సంగతి చేతి వేళ్ళకు తెలుసు.

మిస్త్రీ పని తీరు ఇంకా గమనించండి. రేడియో మోగడం లేదంటే "దాని తలరాత" అని ఏ మిస్త్రీ అనడు. పోయిన జన్మలో అదేం పాపం చేసిందో అనడు. కారణం ఇక్కడే, ఈ పెట్టెలోనే ఉందని నమ్మి మొదలుపెడతాడు. మీటరు పెట్టి ఒక్కో చోట వోల్టేజి చూస్తాడు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుఃఖం పోతుంది, దానికి మార్గం ఉంది. నాలుగు ఆర్యసత్యాలు ఆ బల్ల మీద ప్రతిరోజూ నడుస్తుంటాయి. పూర్వజన్మ కర్మ పేరు చెప్పి మన తాత ముత్తాతల కష్టాన్ని వాళ్ళ నెత్తినే రుద్దిన సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడ బాగా తెలుస్తుంది. కారణాన్ని కనపడని చోటికి నెట్టేస్తే బాగు చేసే బాధ్యత ఎవరికీ ఉండదు.

వాల్వు రేడియోలో తరచుగా వచ్చే ఒక జబ్బు చెబుతాను. చివరి వాల్వు విపరీతంగా వేడెక్కి, లోపలి రేకు ఎర్రగా కాలిపోతుంటుంది. పని రానివాడు వాల్వు చెడిపోయిందని దాన్ని తీసి కొత్తది పెడతాడు. కొన్నాళ్ళకు కొత్తదీ కాలిపోతుంది. అసలు తప్పు చాలాసార్లు దాని ముందున్న చిన్న కాగితపు కండెన్సరుది. ఏళ్ళు గడిచి అది కరెంటును ఆపలేక లీకవుతుంటుంది. పోకూడని వోల్టేజి వాల్వు మీద పడుతుంది. కాలేది ఒకటి, కాల్చేది ఇంకొకటి. మన పిల్లవాడు బడి మానేస్తే "వీళ్ళకు చదువు రాదు" అనేవాళ్ళు, మన మనిషి తాగుడుకు పడితే "వీళ్ళింతే" అనేవాళ్ళు, ఈ వాల్వు మార్చే మిస్త్రీ లాంటివాళ్ళే. కాలుతున్న వాడిని చూస్తారు, వాడి మీద పడుతున్న భారాన్ని వెతకరు. మనం కూడా ఇంట్లో కొడుకునో కోడలినో ఇలాగే అంటుంటాం. ఒక్కసారి ఆగి, ముందున్న కండెన్సరు ఏదో చూద్దాం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కండెన్సరు ఎందుకు లీకవుతుంది? అనిచ్చ వల్ల. కాగితం, మైనం, రేకు అన్నీ మారిపోతుంటాయి. మరి ఆ రేడియో మళ్ళీ ఎందుకు మోగగలుగుతుంది? అదీ అనిచ్చ వల్లే! ఇది చాలామంది మరిచిపోయే సంగతి. ఏ వస్తువుకైనా మారని స్వభావం అంటూ ఉంటే, చెడిపోయింది ఎప్పటికీ చెడిపోయే ఉండాలి. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ఈ విషయాన్నే నొక్కి చెప్పారు. శూన్యమంటే ఏమీ లేదని అర్థం కాదని, ప్రతిదీ క్షణక్షణం మారుతుంది కాబట్టే ఎదుగుదలకు, మార్పుకు చోటు దొరుకుతుందని ఆయన భావం. మారకపోవడమే నిజమైతే విత్తు మొక్క కాదు, బిడ్డ పెద్దవాడు కాడు. వర్ణం పుట్టుకతో వచ్చింది, మారదు అన్నవాళ్ళు అనిచ్చను కాదన్నవాళ్ళే. అందుకని అనిచ్చ మనకు ఏడుపు మాట కాదు, విడుదల మాట. "పోయేదే కదా, పారెయ్" అనడం సగం ధమ్మం. "మారేదే కదా, బాగు చేద్దాం" అనడం మిగతా సగం.

అయితే తృష్ణ సంగతేంటి? అది నిజంగానే ఉంది. నలభై రేడియోలు కొని గదిలో పేర్చి, ఒక్కటీ మోగించక, అడిగినవాళ్ళకు విడిభాగం కూడా ఇవ్వని మనిషిని బాగు చేసేవాడు అనలేం. అది పోగు చేయడం. బాగు చేయడానికి, పోగు చేయడానికి తేడా తెలియాలంటే మిమ్మల్ని మీరు మూడు అడగండి. ఈ వస్తువు ఎవరికి పనికొస్తుంది? దాన్ని రేపు ఇంకొకరి చేతిలో పెట్టగలనా? దీని కోసం ఇంట్లోవాళ్ళ అన్నం, పిల్లల ఫీజు తగ్గిస్తున్నానా? జవాబులు మీకే తెలుస్తాయి.

పంచశీల కూడా ఈ సంతలో పరీక్షకు నిలబడుతుంది. దొంగ సరుకని అనుమానం ఉంటే ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు, అది రెండో శీలం. అమ్మేటప్పుడు, "మోగుతుంది గాని ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతోంది" అని ఉన్నదున్నట్టు చెప్పాలి, అది నాలుగో శీలం. పైన పాలిష్ కొట్టి, లోపలి లోపం దాచి అమ్మితే రేపు ఆ ఇంట్లో షాక్ కొడుతుంది, మంట లేస్తుంది. అప్పుడు మొదటి శీలమూ పోయినట్టే. సమ్మా ఆజీవ అంటే ఇంత మామూలు విషయం.

ఇంకో హెచ్చరిక. బాగు చేయడం గొప్పదని చెప్పి, మనవాళ్ళు ఎప్పటికీ పాత సామాన్ల మధ్యే ఉండాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. యంత్రాలు వద్దు, పాత పల్లె బతుకే మేలు అన్న వాదాన్ని బాబాసాహెబ్ గట్టిగా ఖండించారు. యంత్రం మనిషికి తీరికనిస్తుంది, తీరిక ఉంటేనే చదువూ సంస్కారమూ వస్తాయి అన్నది ఆయన ఆలోచన. రాగి కోసం తీగలు కాల్చి ఆ పొగ పీల్చే పిల్లలకు, సీసం ఉన్న సామాన్లు వట్టి చేతులతో విరగ్గొట్టే ఆడవాళ్ళకు అది అభిరుచి కాదు, గతిలేనితనం. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసేవాళ్ళను కూడా పైకీ కిందికీ విడగొట్టిందని ఆయన 1936లోనే చెప్పారు. చేతికి మసి అంటే పని తక్కువని, ఆ మసిలో పుట్టినవాడు అదే చేయాలని చెప్పింది అదే కులం. మనం కోరేది వేరు. మన పిల్లలు ఇంజనీరింగ్ చదవాలి, సోల్డరింగ్ ఐరన్ కూడా పట్టాలి. పట్టినందుకు సిగ్గుపడకూడదు, పట్టక తప్పని గతి రాకూడదు.

పనిలో ఇంకొక ధమ్మం ఉంది. సంతలో తెచ్చిన రేడియోను తెలివైన మిస్త్రీ నేరుగా ప్లగ్గులో పెట్టడు. మధ్యలో సిరీస్ బల్బు పెడతాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు బాగా వెలిగి చెబుతుంది, రేడియో కాలిపోదు. ప్లగ్గు తీశాక కూడా వెంటనే చెయ్యి పెట్టడు. కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, ముందు వాటిని ఖాళీ చేస్తాడు. ఈ మెలకువ పేరే అప్పమాద, ఏమరుపాటు లేకపోవడం. బుద్ధుడు మహాపరినిర్వాణానికి ముందు చెప్పిన చివరి మాటలో రెండు సంగతులు జంటగా ఉన్నాయి. కలిసి ఏర్పడినవన్నీ నశించేవే, కాబట్టి ఏమరక సాధించండి అని దాని సారం. "నశించేవే" దగ్గర ఆగిపోయినవాడు ఆ మాటను సగమే విన్నాడు.

ఈ పాత విద్య ఎవరికి పనికొస్తుంది అంటారా? హైదరాబాద్‌లో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ అనే హామ్ 2004 డిసెంబరులో రేడియో ప్రసారాల కోసం అండమాన్ వెళ్ళారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. ఆమె బృందం తమ సెట్లతో పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేసింది. దూరాన ఉన్న ఎందరికో తమవాళ్ళు బతికే ఉన్నారన్న మాట అలా అందింది. హామ్‌లు ఈ పనికి డబ్బు తీసుకోకూడదు, అది నియమం. గాలిలో వాళ్ళను గుర్తుపట్టేది పిలుపు సంకేతంతోనే. మన దేశపు సంకేతం "వీయూ"తో మొదలవుతుంది, ఇంటిపేరుతో కాదు. కిందికి దిగాక కులం మళ్ళీ అడగరని నేను చెప్పను. కానీ ఆపదలో ఉన్నవాడి గొంతు వినడానికి కులం అక్కర్లేదని మాత్రం అది చూపిస్తుంది. మెత్త అంటే అదే కదా.

కాబట్టి బంధువులారా, మీ ఇంట్లో అటక మీద పాత రేడియో ఉంటే దించండి. బాగు చేయగలిగితే చేయించండి. లేదంటే చేయగలిగినవాళ్ళకు ఇవ్వండి. విహారంలో ఆదివారం పిల్లలకు బుద్ధవందనతో పాటు ఒక గంట స్క్రూడ్రైవర్ పట్టడం, మీటరు చూడడం నేర్పండి. కారణం వెతికే అలవాటు చేతికి వస్తే బుద్ధికీ వస్తుంది. అన్నిటికంటే ముందు, "ఇంక వీడు బాగుపడడు" అని మీరు వదిలేసిన మనిషి ఎవరైనా ఉంటే, ఈ వారం ఒకసారి వెళ్ళి పలకరించండి. ఆ మనిషీ అనిచ్చమే, మారగలిగినవాడే.

నమో బుద్ధాయ. జై భీమ్.