చక్రయాత్రలో దాసోహము



దానము వేరు, దాసోహము వేరు. దానమునందు "నేనిచ్చితిని" అను భావము మిగిలియుండును. దాసోహమునందు "నేను సేవకుడను" అను భావము తప్ప మరేమియు మిగులదు. తన శరీరశ్రమచే ఆర్జించినదానిని సమాజమునకు సమర్పించి, సమర్పించితినను గర్వమును కూడ విడుచుటయే కల్యాణపురమున బసవేశ్వరుడు శరణులకు చూపిన మార్గము. ఈ ధర్మము ఒక దేశమునకు, ఒక కాలమునకు కట్టుబడినది కాదు. అమెరికా దేశమున ఏటేట జరుగుచున్న ఒక సైకిలు యాత్రను ఈ దృష్టితో పరిశీలింపదగును.

మసాచుసెట్స్ రాష్ట్రమున బిల్లీ స్టార్ అను యువకుడుండెను. ఆతని తల్లి 1974లో చర్మపు క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆతడు దుఃఖమును దిగమ్రింగి ఊరకుండలేదు. ఆతని పూనికచే 1980లో 36 మంది స్ప్రింగ్‌ఫీల్డ్ నగరము నుండి సముద్రతీరమందలి ప్రావిన్స్‌టౌన్ వరకు సైకిళ్లపై పయనించిరి. తెలిసినవారిని అర్థించి కూడబెట్టిన 10,200 డాలర్లను, నేడు డేనా-ఫార్బర్ అను పేర పిలువబడు బోస్టన్ నగరపు క్యాన్సరు సంస్థకు సమర్పించిరి. పాన్-మాస్ ఛాలెంజ్ అను ఆ యాత్ర నేటికిని ఆగస్టు మాసమున సాగుచున్నది. ఇంతవరకు సమకూడిన ధనము వంద కోట్ల డాలర్లను మించినది. ప్రతి యాత్రికుడును ఇంత మొత్తము సేకరింతునని ముందుగా మాట యిచ్చును. లోటు వచ్చినచో సొంత ధనముతో పూరించును. యాత్రికులు సేకరించిన ప్రతి డాలరును పూర్తిగా ఆ సంస్థకే చేరును.

"ధనమీయదలచినచో ఇంటినుండియే పంపవచ్చును గదా! చక్రము తిరిగినంతమాత్రమున రోగము తగ్గునా?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. చక్రము రోగమును మాన్పదు. కాని చెమటోడ్చి మిట్టలెక్కువాని మాటకు ఇరుగుపొరుగువారు చెవియొగ్గుదురు. తనకొరకు చేయి చాపుటకు సిగ్గుపడువాడు పరులకొరకు జోలె పట్టును. జోలె పట్టినవాని అహంకారము కరగును. కాయకము దాసోహముగా మారు తావదియే.

ఆయ్దక్కి మారయ్య కథ అందరును ఎరిగినదే. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి ఆ దంపతులు జంగమార్చన సాగించిరి. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి తేగా, లక్కమ్మ అంగీకరింపక, ఎక్కువైనదానిని మరల అచ్చటనే పోసి రమ్మనెను. కొలత పెద్దదైనంతమాత్రమున సేవ పెద్దది కాదు. మొదటియేటి వేలును, నేటి కోట్లును శివుని త్రాసున తూగునవి కావు, తూగునది మనస్సే. పేరుకొరకు, ఛాయాచిత్రముకొరకు తొక్కిన మైళ్లు వ్యాయామము మాత్రమే.

అన్నము పెట్టినవానికి ఆకలి తీరినవాని ముఖము కనబడును. పరిశోధనకిచ్చినవానికి ఆ భాగ్యము లేదు. అతడిచ్చిన రూకవలన ఇంకను పుట్టని బిడ్డ బ్రదుకవచ్చును. దీనికి ఒక తెలుగు బిడ్డ జీవితమే సాక్ష్యము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. అచ్చట తయారైన అమినాప్టెరిన్ అను మందును సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు బోస్టన్‌లో రక్త క్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి కొంతకాలము తగ్గుటను 1948లో లోకమునకు వెల్లడించెను. సుబ్బారావు గారు ఆ యేడే కన్నుమూసిరి. ఆ మందునకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికిని చికిత్సలో వాడబడుచున్నది. సైకిలు యాత్రికుల ధనము చేరు సంస్థ ఆ ఫార్బర్ స్థాపించినదే.

అందరును సైకిలెక్కనక్కరలేదు. ఈ వ్యాధి పేరెత్తుటకే భయపడి, పూర్వకర్మమని దాచి, చికిత్సకు ఆలస్యము చేయు కుటుంబములు మన నడుమనే కలవు. ఆ ఆలస్యమే ప్రాణము తీయుట కలదు. వ్యాధి పాపము కాదు. ఇష్టలింగమును ధరించిన దేహము రోగము సోకినంతమాత్రమున అపవిత్రము కాదు. రోగిని ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, రాత్రి మేల్కొని ప్రక్కన కూర్చుండుట, ఆ యింటి పొలము పనిని ఒక దినము పంచుకొనుట, మఠమున జాతరనాడు ఒక హుండీని రోగులకై ప్రత్యేకించుట — ఇవియెల్ల కాలితో, చేతితో చేయదగిన దాసోహములు. చేసిన పిదప "చేసితిని" అను మాటను లింగమునకే అర్పించి మరచువాడు శరణుడు.