దారిలో దంపతులు

తీర్థయాత్ర యనగా పూర్వము కాలినడకనో, ఎడ్లబండి మీదనో సాగెడిది. బండివానికి దారి తెలియును. వానికి తెలియనిచో ఎడ్లకు తెలియును. కావున దారిని గూర్చి ఆలుమగలు వాదులాడుకొనుటకు ఆ కాలమున అవకాశము తక్కువ. నేడు ఇంటింటికిని కారు వచ్చినది. భర్త స్టీరింగు పట్టును, ఇల్లాలు ప్రక్కన కూర్చుండును. ఆమె చేతిలోని సెల్‌ఫోను ఒక దారి చెప్పును, రోడ్డు మీది బోర్డు మరియొక దారి చూపును. ఊరి పొలిమేర దాటకమునుపే "కుడికి", "కాదు, ఎడమకు" అను మాట మొదలగును. శ్రీనివాసుని దర్శనమునకై బయలుదేరినవారు శ్రీకాళహస్తి చేరునప్పటికి ఒకరి మొగము ఒకరు చూడని స్థితిలో నుందురు. ఇది నవ్వి విడిచిపెట్టదగిన విషయమని పెక్కుమంది తలంతురు. క్రిందటి మాఘమాసము వరకు నేనును అట్లే తలంచితిని.

ఆ మాసమున మా కుమారుడు, కోడలు, నా భార్య, నేను విజయవాడ నుండి తిరుమలకు కారులో బయలుదేరితిమి. ఒంగోలు, నెల్లూరు సుఖముగనే దాటితిమి. గూడూరు చేరువలో ఫోను వెంకటగిరి మీదుగా పొమ్మని చెప్పసాగెను. కోడలు ఆ మాటనే పైకి చదివెను. "ఆ దారి నాకొద్దు. నాయుడుపేట దగ్గర తిరుగుతాం. పదిసార్లు వచ్చాను. నువ్వు కాసేపు మాట్లాడకుండా కూర్చో" అని మావాడు కసరెను. ఆమె మారు పలుకక ఫోనును సంచిలో పెట్టి కిటికీ వైపునకు తిరిగెను. నేను వెనుక సీటులో ద్వాదశనామములు మననము చేయుచు, నడుమ నడుమ కునికిపాట్లు పడుచుంటిని.

కొంతసేపటికి "శ్రీహరికోట" అను బోర్డు కనబడెను. నా భార్య శ్రీహరి నామము చదివి, కొండ దగ్గరకు వచ్చితిమనుకొని చేతులు జోడించెను. మావాడు మాత్రము బండిని ప్రక్కకు తీసి ఆపెను. అది సూళ్లూరుపేట! మద్రాసు దారిలో ఎంతో దూరము దక్షిణమునకు పోయితిమి.

"నాయుడుపేట ఎప్పుడు దాటాం?"

"దాటి చాలాసేపయింది. బోర్డు నేను చూశాను."

"చూసి చెప్పలేదేం?"

"మాట్లాడవద్దన్నారు కదండీ."

కారులో ఎవ్వరమును పలుకలేదు. నా భార్య అప్పుడు కొడుకు వంక చూడలేదు, నా వంక చూచెను. ఆ చూపు భావము నాకు తెలియును. ముప్పది యేండ్ల క్రిందట అహోబిల యాత్రలో ఆళ్ళగడ్డ వద్ద ఆమె ఒక మలుపు చూపగా "నీకేం తెలుసు?" అని నేను గద్దించితిని. పదేండ్ల మా అబ్బాయి ఆనాడు వెనుక సీటులోనే కూర్చుండి యుండెను. బడిలో చెప్పిన పద్యములు వాడు మరచిపోయినాడు కాని ఆ పాఠము మరువలేదు.

భక్తమహాశయులారా! దారి తప్పుట పెద్ద దోషము కాదు. వెనుకకు తిరిగినచో సరిపోవును. దారి తెలిసిన నోరు ప్రక్కనే యుండియు మూతపడుటయే ఆలోచింపదగిన విషయము. మాట యాడవద్దనుట మావాని తప్పు. చూచియు చెప్పకుండుట కోడలి తప్పు కాదా యని మీరు అడుగవచ్చును. తప్పే. ఆ మౌనము శాంతము కాదు, అది ఒక విధమగు ప్రతీకారము. కాని ఆ రెండు తప్పులలో ఏది ముందు పుట్టినదో కూడ గమనింపవలెను.

శ్రీమద్రామాయణమున దారి అడిగి తెలిసికొను ఘట్టమొకటి కలదు. ప్రయాగలో భరద్వాజ మహర్షి చిత్రకూటమునకు మార్గము చెప్పెను. యమునను తెప్ప మీద దాటవలెను, ఆవలి యొడ్డున శ్యామమను వటవృక్షము కనబడును, అక్కడి నుండి క్రోశము నడచినచో నీలవనము వచ్చును, ఆ దారిని తాను పలుమార్లు పోయితినని ఆ మహర్షి గురుతులతో సహా వివరించెను. సర్వజ్ఞుడగు శ్రీరామచంద్రుడు తనకు తెలియుననలేదు, శ్రద్ధతో వినెను. అటుపిమ్మట నడక క్రమము చూడుడు. సీతను తోడ్కొని ముందు నడువుమని లక్ష్మణునకు చెప్పి, తాను ఆయుధము ధరించి వెనుక నడచెను. ఆమె ఏ పూవు, ఏ పండు కోరినను తెచ్చి యిమ్మనెను. ఆ తల్లి ఎన్నడును చూడని చెట్టును, పొదను, తీగను చూపి ఇదేమి, అదేమి యని అడుగుచు నడచెను. "త్వరగా నడువుము, ప్రశ్నలు తరువాత" అని ఎవ్వరును అనలేదు.

ఇది సుఖముగా సాగిన దినము కదా, అభిప్రాయభేదము వచ్చినప్పుడు మాట యేమని సందేహము కలుగవచ్చును. అదియు వాల్మీకి విడువలేదు. అడవికి రావలదన్నప్పుడు సీతమ్మ మౌనము వహింపలేదు. తన తండ్రి ఇట్టివానిని అల్లునిగా ఎట్లు చేసికొనెనో యనునంత పరుషముగా పలికెను. ఈనాటి ఇల్లాలు కారులో ఆ మాట అన్నచో ఆ బండి తిరుమల చేరునా? రాముడు కోపింపలేదు, కౌగిలించుకొని వెంట రమ్మనెను.

అంతకంటె సూక్ష్మమైనది అరణ్యకాండములోని సన్నివేశము. సుతీక్ష్ణుని ఆశ్రమము వీడి దండకలో ముందునకు సాగునపుడు, వైరము లేనిదే రాక్షసులను చంపబూనుట తగునా యని సీత ప్రశ్నించెను. ఇంద్రుడు దాచుమని యిచ్చిన ఖడ్గమును వెంట మోసికొని తిరిగి తిరిగి, క్రమముగా క్రూరుడైన ఒక తపస్వి కథ చెప్పెను. ఇది బోధించుట కాదు, స్నేహముతో గుర్తు చేయుటయే యనియు, తమ్మునితో ఆలోచించి తగినది చేయుమనియు పలికెను. రాముడు ఆమె చెప్పినట్లు చేసెనా? చేయలేదు. ఋషులకు అభయమిచ్చితిని, ఆ మాట తప్పజాలననెను. అయినను, నీ స్నేహము వలన ఈ మాట చెప్పితివి, సంతోషించితిని, ఇష్టము లేనివారికి ఎవరును హితము చెప్పరు గదా యనెను. దారి మార్చుకొనలేదు, చెప్పిన గొంతును మాత్రము గౌరవించెను. భార్య చెప్పినదెల్ల చేయవలెనా యని నన్నడిగెడు మిత్రులకు నేనీ సర్గ చదువుమనియే చెప్పుచుందును.

భగవద్రామానుజుల చరిత్రలోను ఇట్టి దారి కథ యొకటి గురుపరంపర వలన వినుచున్నాము. యాదవప్రకాశుడు కాశీయాత్ర నెపమున తలపెట్టిన అపాయమును గోవిందుని వలన తెలిసికొని, రామానుజులు వింధ్యాటవిలో గుంపును విడిచి ఒంటరియై దారి తెలియక తిరుగుచుండగా ఒక వేటగాడును, అతని భార్యయు తోడు దొరికిరి. రాత్రి చెట్టు క్రింద విశ్రమించిరి. ఆ వేటకత్తె దాహమనెను. దగ్గరనే బావి యున్నది, తెల్లవారిన పిమ్మట త్రాగవచ్చునని వేటగాడు ఊరడించెను. ఉదయమున రామానుజులు దోసిలితో ముమ్మారు నీరు తెచ్చి యిచ్చిరి. నాలుగవమారు తెచ్చునప్పటికి ఆ దంపతులు లేరు. తలయెత్తి చూడగా ఎదుట కాంచీపుర గోపురము! ఆనాటి నుండి ఆ బావి నీటినే వరదరాజస్వామి కైంకర్యమునకు తెచ్చుచుండిరి. దారి చూపుటకు పెరుమాళ్ళు ఒక్కడే రావచ్చును కదా? తాయారును వెంటబెట్టుకొని వచ్చెను. దాహమని ఆ తల్లి నోరు విప్పుట వలననే రామానుజులు బావి వద్దకు పోయిరి, తామెక్కడ నున్నారో తెలిసికొనిరి.

మన సంప్రదాయమున తాయారునకు పురుషకారమను పదవి కలదు. జీవుని పక్షమున స్వామికి, స్వామి పక్షమున జీవునకు ఆమె చెప్పును. ఇరువురిని దిద్దుటయు ఉపదేశముతోనే యని పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున సెలవిచ్చిరి. అనగా స్వామి సన్నిధిలోనే తల్లి మాటకు చోటున్నది. వక్షఃస్థలమున ఆమెను ధరించిన స్వామిని చూడబోవుచు, మన ప్రక్క సీటులోని ఆమెను నోరు మూసుకొమ్మనుట ఎట్టి యాత్ర?

మా కథకు వత్తును. సూళ్లూరుపేటలో కాఫీ త్రాగి వెనుకకు మరలితిమి. దర్శనపు టికెట్టు మీది వేళ దాటిపోవుచున్నది. నాయుడుపేట వద్ద మలుపు తిరిగి శ్రీకాళహస్తి దారి పట్టితిమి. కొంతదూరము పోయిన తరువాత మావాడు బండి వేగము తగ్గించి, "ఇక్కడ ఎటు?" అనెను. రోడ్డు తిన్నగానే యున్నది. ఎదుట తిరుపతి యని పెద్ద అక్షరములతో బోర్డును ఉన్నది. కోడలు కొంచెముసేపు ఊరకుండి, సంచి నుండి ఫోను తీసి చూచి, "తిన్నగానే వెళ్ళండి" అనెను.

అలిపిరి దాటిన పిమ్మట వాదమునకు తావే లేదు. 1944లో వేసిన పాత ఘాటు రోడ్డు దిగువారికి, రెండవది ఎక్కువారికి. ఎదురు బండి రాదు, ప్రక్క దారి లేదు. ఆ మలుపులలో వారిరువురు మెల్లగా మాటలాడుకొనుట వెనుక సీటునకు వినబడెను. ఏమనుకొనిరో నేను వినలేదు, వినదగినదియు కాదు.

మరునాడు కొండ దిగునపుడు నా భార్యను, "తిరుగు ప్రయాణంలో అహోబిలం మీదుగా వెళదామా?" అని అడిగితిని.

"ఆళ్ళగడ్డ దగ్గర దారి నేను చెప్తానంటే వస్తాను" అనెను.