పిల్లల ఖాళీ గంట



2011లో గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కళాశాలలు దాని క్రిందికి వచ్చినవి. మా కోఠారి పిల్లలు ఉదయమే బస్సెక్కి చదువుకొన పోవుచున్నారు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, పుస్తకములో ఇంగ్లీషు. వారి శ్రమ చిన్నది కాదు.

సాయంత్రము వచ్చి కాసేపు కూర్చుంటే, "ఖాళీగా ఉన్నావేమి?" అని అడుగుచున్నాము. శనివారము పాటల అభ్యాసము, ఆదివారము సండే స్కూలు, పిమ్మట యౌవనస్థుల కూటము, అన్నియు వారికే అప్పగించుచున్నాము. మార్కులు తగ్గినప్పుడు మాత్రము సెల్‌ఫోనును నిందించుచున్నాము. ఇందులో పెద్దలమైన మా తప్పును ఒప్పుకొనుచున్నాము.

దానియేలు కూడ పరదేశములో చదివినవాడే. బబులోనులో పరాయి భాషను, విద్యను నేర్చుకొనుటకు మూడు సంవత్సరములు నియమింపబడెను. తరువాత రాజ్యభారము మోయుచున్నప్పుడును దినమునకు ముమ్మారు పని ఆపి మోకరించెను. మన ప్రభువు సహితము, భోజనమునకైనను తీరికలేని శిష్యులను విశ్రమించుటకై ఏకాంతమునకు పిలిచెను. విశ్రాంతి సోమరితనము కాదు.

యౌవనస్థులారా, చదువు గంటలో ఫోను దూరముగా ఉంచుడి. ఆట గంటలో నిశ్చింతగా ఆడుడి. పరీక్షల పేరిట నిద్ర మానకుడి.

పెద్దలారా, ఆ ఒక్క గంటను మనము దోచుకొనకుందము. వచ్చే ఆదివారము వారి భుజముల మీదనుండి ఒక పని మనమే తీసికొందము. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.