ఎన్ని యోజనాలు దూకగలవు?

కిష్కింధకాండ చివర్లో, సీతను వెతుకుతూ బయల్దేరిన వానరుల సభ ఒకటి ఉంది. ఎదురుగా సముద్రం, వెనకాల సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయిందన్న భయం. ఎవరెంత దూకగలరో చెప్పండని అంగదుడు అడిగాడు. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు. మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై. అవతల నూరు యోజనాల సముద్రం ఉందని తెలిసీ పది అని చెప్పడానికి గజుడు సిగ్గుపడలేదు. వయసులో ఉండగా త్రివిక్రముడికే ప్రదక్షిణ చేసిన జాంబవంతుడు, ఇప్పుడు తొంభై దాటి నావల్ల కాదన్నాడు. అంగదుడేమో నూరూ దూకుతాను గానీ తిరిగి రాగలనన్న నమ్మకం లేదన్నాడు.

ఆఫీసుల్లో అప్రైజల్ రోజులొస్తే నాకీ సభ గుర్తుకొస్తుంది. మొన్న చిలుకూరు బాలాజీ గుడిలో, మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా ప్రదక్షిణలు చేస్తున్న కుర్రాణ్ణి చూశాను. పదకొండూ పూర్తిచేసి పక్కన కూర్చున్నాక మాట కలిపాను. మేనేజర్ పోస్టు కోసం మొక్కుకున్నాడట.

"ఎందుకు నాయనా ఆ పోస్టు?"

"నా బ్యాచ్ వాళ్ళందరూ అయిపోయారండీ. ఇంట్లో కూడా అడుగుతున్నారు."

దాపరికం లేకుండా చెప్పాడు, సంతోషం. కానీ రేపు తన చేతికింద పనిచేయబోయేవాళ్ళు ఆ జవాబులో ఎక్కడా లేరు. వాళ్ళ సెలవులు, జీతాల పెంపు, రాత్రి నిద్ర ఇతని మాట మీదే ఆధారపడతాయి కదా! స్వామిని అడిగేముందు మనల్ని మనం అడగాల్సినవి కొన్నుంటాయి. నేను చేసిన పనికి ఇంకొకరి పేరొస్తే ఓర్చుకోగలనా? వాళ్ళ తప్పు నా నెత్తిన వేసుకుని పైవాళ్ళ ముందు నిలబడగలనా? ఇష్టంగా కోడ్ రాసుకునే చేతులతో రోజంతా మీటింగులు, తగవులు, సర్దుబాట్లు చూసుకోగలనా? ఇవేవీ మనసుకు పట్టకపోతే అందులో నామోషీ ఏముంది? మేనేజర్ కాకుండా పనితనంతోనే పైకి వెళ్ళే దారి ఈరోజు చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉంది. పెళ్ళిచూపుల్లో ఆ హోదా పలకదని పెద్దలే పిల్లల్ని మేనేజర్ కుర్చీ వైపు తోస్తున్నారు. పెద్దలు ఈ అలవాటు మానుకోవాలి.

మళ్ళీ ఆ ఒడ్డుకే వెళ్దాం. అంగదుడు తానే వెళ్తానంటే, నువ్వు నాయకుడివి, నిన్ను మేం కాపాడుకోవాలి అని జాంబవంతుడు ఆపాడు. ఆపి ఊరుకోలేదు. దూరంగా, మాట్లాడకుండా కూర్చున్న హనుమంతుడి దగ్గరికి వెళ్ళాడు. నీ పుట్టుక ఇదీ, పసితనంలో సూర్యుడి మీదికే ఎగిరావు అని ఒక్కొక్కటీ గుర్తుచేశాడు. తాను దూకలేనివాడు దూకగలిగేవాణ్ణి లేపాడు. తర్వాత సుందరకాండ అంతా హనుమదే, జాంబవంతుడు ఒడ్డునే ఉండిపోయాడు. అలా ఉండిపోవడం మనసుకు హాయిగా తోస్తే, ఆ కుర్చీకి తయారైనట్టేనని నా నమ్మకం.

కుర్చీ ఎక్కాక కూడా ఈ పరీక్ష ఆగకూడదు. నహుషుడి కథలో అగస్త్యుడి శాపం అందరికీ తెలుసు. దానికి ముందు జరిగింది మాత్రం ఎక్కువగా చెప్పుకోం. ఇంద్రపదవి ఇస్తామని దేవతలూ ఋషులూ వచ్చినప్పుడు, నేను బలహీనుణ్ణి, మిమ్మల్ని కాపాడలేనేమో అన్నవాడు ఆయనే. వాళ్ళే తమ తపోబలం తోడిచ్చి కూర్చోబెట్టారు. ఆ మాట మళ్ళీ ఒక్కసారైనా అనుకుని ఉంటే, ఏ ఋషుల బలంతో గద్దెనెక్కాడో ఆ ఋషుల చేతనే పల్లకీ మోయించేవాడా?